పక్క చేలో మందు కొట్టారంట!

పర్చూరు వైపు వెళ్ళండి, పెదనందిపాడు వైపు వెళ్ళండి, సత్తెనపల్లి దాటి వెళ్ళండి. మిర్చి పూత మీదున్న రోజుల్లో ఏ ఊళ్ళో టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. ‘పక్క చేలో మందు కొట్టారంట’.

అంతే. ఆ మాట విన్న రైతుకి ఇక టీ సహించదు. తన చేలో పురుగు ఉందా లేదా అన్నది తర్వాత సంగతి. పొద్దున చేలోకి దిగి ఆకు తిరగేసి చూశాడా అంటే, చూడలేదు. చూసేదాకా ఆగలేడు. బండి తీసి మందుల షాపుకి పోతాడు, షాపాయన ఇచ్చింది తెస్తాడు, పొద్దు గుంకేలోపు కొట్టేస్తాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు.

ఆ నిద్ర ఉంది చూశారూ, ఈ వారం మన కబుర్లన్నీ దాని చుట్టూనే. ఎందుకంటే అది పురుగు చచ్చిందని పట్టిన నిద్ర కాదు. ‘ఏదో ఒకటి చేశాం’ అని పట్టిన నిద్ర.

కంగారు పడకండి, ఈ శీర్షిక పాడిపంటల పేజీలోకి మారిపోలేదు. మీరంతా రోజూ అనే ‘టెన్షన్’ గురించే మాట్లాడబోతున్నాను. కాకపోతే టెన్షన్ ఎలా పెరుగుతుందో నాకు పుస్తకాల కంటే బాగా అర్థమైంది మా పత్తి చేల కథ విన్నప్పుడు. ముందు అది చెప్తా.

1980ల మొదట్లో మన పత్తి చేలల్లోకి సింథటిక్ పైరిథ్రాయిడ్లని కొత్తరకం పురుగుమందులు వచ్చాయి. కొట్టిన మర్నాటికే పురుగు రాలిపడేది. ఇంకేం, ఊరూరా అవే డబ్బాలు. ఒక్క సీజన్లో పదిహేను, ఇరవై సార్లు కొట్టినవాళ్ళు ఉన్నారు. పురుగుని చూసి కొట్టినవి కొన్ని, పక్కవాడిని చూసి కొట్టినవి చాలా. తర్వాత ఏమైంది? పురుగుల్ని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు ముందు పోయాయి. శనగపచ్చ పురుగు మందుకి అలవాటు పడింది. అంతకు ముందు పెద్దగా లెక్కలో లేని తెల్లదోమ చేల మీద విరుచుకుపడింది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి పోయి, అప్పు తీరే దారి కనపడక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళ తర్వాత వరంగల్‌లో జరిగింది అందరికీ గుర్తుంది. అంతకు ముందే ఇక్కడ జరిగిన సంగతి మీ వయసు వాళ్ళలో చాలామందికి తెలియదు. దీనికంతటికీ మందు ఒక్కటే కారణమని నేను అనను. కౌలు, వడ్డీ, ధర, వాన అన్నీ ఉన్నాయి. కానీ కంగారు తగ్గించుకోవడానికి చేసిన పనే కంగారుపడాల్సిన పరిస్థితిని పెంచింది. నాకు కావాల్సింది ఆ ముక్క.

2021 చివర్లో మిర్చి మీద నల్ల తామర పురుగు వచ్చినప్పుడు కూడా ఇదే చూశాం. పూతంతా రాలిపోతోంది. పొద్దున ఒక మందు, ఎల్లుండి ఇంకొకటి, వాట్సాప్‌లో ఎవరో పెట్టారని మూడోది. పురుగు మాత్రం పూవులో దూరి కూర్చుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

తెలుగులో ఈ బాధకి ఎన్ని పేర్లో చూడండి. ఊరి మీద, మనిషి మీద పెట్టుకునేది బెంగ. మనసు బరువెక్కితే దిగులు. గుండెల్లో పుట్టేది గుబులు. కాళ్ళూ చేతులూ ఆడనివ్వనిది కంగారు. కూర్చున్నచోట కూర్చోనివ్వనిది ఆదుర్దా. ఇక చింత. ఒక్క సున్నా తీసేస్తే చిత అవుతుందని పెద్దవాళ్ళు భయపెట్టేవాళ్ళు. ఇన్ని మాటలుండగా మన తరం వచ్చి అన్నిటినీ మూటగట్టి ‘టెన్షన్’ అని ఒక్క పేరు పెట్టేసింది. దాంతో చిన్న నష్టం జరిగింది. తలలో తిరిగేదీ, ఒంట్లో తిరిగేదీ ఒకటే అనుకుంటున్నాం.

అవి రెండు. తలలో తిరిగేది ఆలోచన. ‘అదైతే ఏంటి, ఇది కాకపోతే ఏంటి’ అంటూ మాటల రూపంలో సాగుతుంది. మనవాళ్ళు ‘ఊరికే ఆలోచన చేస్తున్నాడు’ అంటారే, అది. ఒంట్లోది ఆందోళన. గుండె దడ, మెడా భుజాలూ పట్టేయడం, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు. మొదటిది రెండోదాన్ని మేపుతుంది. ఒంట్లో దడ పుట్టగానే ‘ఏదో జరగబోతోంది కాబట్టే ఇలా ఉంది’ అని తల మళ్ళీ మొదలుపెడుతుంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు.

అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కోవెక్ అనే ఆయన ఈ ‘ఆలోచన’ మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆయన గమనించిన ఒక విషయం నాకు భలే నచ్చింది. ఈ రకం ఆలోచన ఎక్కువగా మాటల్లో నడుస్తుంది, బొమ్మల్లో కాదు. భయపడే దృశ్యాన్ని పూర్తిగా కళ్ళ ముందుకి తెచ్చుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. అది తప్పించుకోవడానికి మనసు మాటల్లోకి పారిపోతుంది. ‘అమ్మో, అలా అయితే?’ అంటుంది. అలా అయితే ఏం జరుగుతుందో, అప్పుడు మనం ఏం చేస్తామో చివరిదాకా చూడదు. ఇంకో ‘అమ్మో’కి దూకేస్తుంది. అంటే మనం రాత్రంతా ఆలోచించింది సమస్య గురించి కాదు. సమస్య వైపు చూడకుండా ఉండటానికే అంతసేపు ఆలోచించాం. ఆకు తిరగేసి చూడకుండా మందు కొట్టిన రైతు గుర్తొచ్చాడా?

మా పిన్ని కొడుకు ఒకడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఇంటి దగ్గర వాళ్ళ నాన్న కౌలుకి తీసుకుని మిర్చి వేశాడు. పండింది. ధర లేదని ఏసీలో పెట్టాడు. (మా వైపు కాని వాళ్ళ కోసం: ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. గుంటూరు చుట్టూ అవే.) 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన కాయ, 2025 మొదట్లో దాదాపు సగానికి పడిపోయిన సంగతి తెలిసిందే కదా. ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. అంత గందరగోళంలో ఈ పిల్లాడు చేసిందేంటంటే, నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో చేరాడు. తేజ ఎంత, 334 ఎంత, నంబర్ 5 ఎంత, యార్డుకి ఎన్ని టిక్కీలు వచ్చాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే. యార్డు మూసేశాక కూడా చూస్తాడు. రాత్రి రెండింటికి చూస్తాడు. మధ్యలో ఇంటికి ఫోన్. ‘నాన్నేడి? ఏం చేస్తన్నాడు? అన్నం తిన్నాడా?’

‘రాత్రి రెండింటికి యార్డులో ఎవరున్నార్రా రేటు మార్చటానికి?’ అన్నాను.

‘ఎవరూ లేరక్కా. కానీ చూడకపోతే ఊపిరాడట్లేదు’ అన్నాడు.

ఆ జవాబులో మొత్తం ఉంది. చూశాడనుకోండి, రెండు నిమిషాలు ఊపిరాడుతుంది. ఆ రెండు నిమిషాల హాయి వల్లే మళ్ళీ పది నిమిషాలకి చూడాలనిపిస్తుంది. సైకాలజిస్టులు వీటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారు. నేను ‘మందు కొట్టుళ్ళు’ అంటాను. బ్లూ టిక్ వచ్చి రిప్లై రాలేదని చాట్ తెరిచి మూసి తెరవడం, తలనొప్పికి గూగుల్‌ని అడిగి అది చెప్పిన పెద్ద జబ్బు చూసి ఇంకో సైట్‌ని అడగడం, రిజల్ట్స్ రేపని తెలిసినా ఇవాళ పేజీ రిఫ్రెష్ చేయడం, ‘నామీద కోపం లేదు కదా?’ అని ఫ్రెండ్‌ని నాలుగోసారి అడగడం. అన్నీ కొట్టుళ్ళే. కొట్టిన ప్రతిసారీ ఈపూట పురుగు రాలుతుంది. కానీ ‘తెలియకపోయినా కాసేపు ఉండగలను’ అనే ఓర్పు ఉంటుంది చూడండి, మన మనసులో ఉండే అక్షింతల పురుగు అదీ, అది కూడా చస్తుంది. తర్వాతిసారి చిన్న అనుమానాన్ని కూడా తట్టుకోలేం. కెనడాలో మిషెల్ డుగా అనే ఆయన, ఆయన సహచరులు 1990ల నుంచీ చెప్తున్నది ఇదే: ఎడతెగని ఆలోచనకి వేరు చెడు జరుగుతుందన్న నమ్మకం కాదు, ఏం జరుగుతుందో తెలియకపోవడాన్ని భరించలేకపోవడం.

మరి తెలిసి తెలిసి ఎందుకు చేస్తాం? ఇక్కడ మన ఇళ్ళ సంగతి కొంచెం మాట్లాడాలి.

మన ఇళ్ళల్లో ఆలోచించడం అంటే ప్రేమ. ‘నీ గురించి రాత్రంతా నిద్రపోలా’ అని అమ్మ అంటే అది ముద్దు. ఇంటి దగ్గర పంట పోతే కొడుకు హాయిగా సినిమాకి వెళ్ళాడనుకోండి, ‘చీమ కుట్టినట్టైనా లేదు వీడికి’ అంటారు. కాబట్టి టెన్షన్ పడటం బాధ్యతకి రుజువైపోయింది. మా వాడు కూడా అదే అన్నాడు. ‘నేను కూడా పట్టించుకోకపోతే ఎట్టా అక్కా?’ వాడు రాత్రి రెండింటికి రేటు చూస్తే వాళ్ళ నాన్నకి ఒక్క రూపాయి కలిసిరాదు. కానీ చూడకుండా పడుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది వాడికి. ఈ లెక్క నాకు నచ్చదు, కానీ కొట్టిపారేయలేను. అంత ప్రేమ ఉన్న చోటే ఇది పుడుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. మనం భయపడినవాటిలో చాలా భాగం జరగవు. జరగనప్పుడు ‘హమ్మయ్య’ అనుకుంటాం. క్రెడిట్ మాత్రం ఆలోచనకి వెళ్తుంది, పురుగే లేని చేలో మందు కొట్టి ‘చూశావా, మందు పనిచేసింది’ అన్నట్టు. 2020లో పెన్ స్టేట్‌లోనే లూకాస్ లఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ ఒక అధ్యయనం అచ్చువేశారు. తీవ్రమైన ఆందోళన సమస్య ఉన్న 29 మంది తమ భయాలన్నిటినీ పది రోజులు రాసుకున్నారు. అవి నిజమయ్యాయో లేదో నెల రోజులు చూసుకున్నారు. నూటికి 91.4 నిజం కాలేదు.

ఈ అంకెని రీల్స్‌లో చాలామంది వాడతారు. ‘91 శాతం భయాలు అబద్ధం, చిల్ అవ్వు బ్రో’ అని. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ 29 మంది పల్నాడులో కౌలుకి మిర్చి వేసినవాళ్ళు కాదు. ధర పడిపోతుందేమో అని మన రైతు భయపడ్డాడు, పడిపోయింది. పురుగొస్తుందేమో అని భయపడ్డాడు, వచ్చింది. ఎకరానికి లక్షల్లో పెట్టి, కౌలు ముందే కట్టి, పంట మీద వడ్డీ పెరుగుతుంటే, ఆ భయం మెదడు కల్పన కాదు. అది లెక్క.

ఆ లెక్క మెదడుకి ఏం చేస్తుందో చూపించిన అధ్యయనం మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, మరో ఇద్దరు కలిసి తమిళనాడులో 54 ఊళ్ళలో 464 మంది చెరకు రైతుల్ని పరీక్షించారు. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అదే రైతు, అదే రకం పజిల్స్. పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ముందు చేసినప్పుడు తప్పులు ఎక్కువ, వేగం తక్కువ. డబ్బు వచ్చాక అదే మనిషి బాగా చేశాడు. తెలివి పెరిగిందా? లేదు. అప్పటిదాకా తలలో సగం జాగా అప్పుకి అద్దెకిచ్చి ఉంది, అంతే. కాబట్టి మీ నాన్న ఏప్రిల్‌లో అడిగింది మర్చిపోతున్నా, ఊరికే కసురుతున్నా, అది వయసు అని తీసిపారేయకండి.

మరి భయం నిజమైనప్పుడు ఏం చేయాలి? ‘ఆలోచించకు’ అని చెప్పడం మాత్రం దండగ. కోతిని తలుచుకోకుండా మందు వేసుకోమన్న వైద్యుడి కథ మనకి తెలుసు. 1987లో డేనియల్ వెగ్నర్ అమెరికాలో కుర్రాళ్ళకి తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పి అదే నిరూపించాడు. మన కోతికి పేపర్ పబ్లిష్ కాలేదు గానీ, కథ అదే.

నాకు పనికొచ్చినది మళ్ళీ చేల నుంచే వచ్చింది. గుంటూరు పక్కన లాం ఫారం ఉంది కదా, మనం 334 అనే మిర్చి పుట్టిన చోటు. అలాంటి చోట్ల శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో మొత్తుకునేది ఒకటే: కనిపించిన ప్రతి పురుగుకీ మందు కొట్టొద్దు, లెక్కపెట్టి కొట్టు. పత్తిలో గులాబీ రంగు పురుగుకైతే లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకి రోజుకి 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా 3 రోజులు పడితే అప్పుడు మందు. అంతకు తక్కువైతే చూస్తూ ఉండటమే పని. ఆ చూస్తూ ఉండటం ఎంత కష్టమో రైతునే అడగాలి. పక్క చేలో మోటారు చప్పుడు వినపడుతూ ఉంటుంది మరి.

తలలోదానికీ అలాంటి బుట్ట ఒకటి పెట్టొచ్చు. బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లోనే ప్రయత్నించారు. రోజులో ఒక అరగంట, ఒకే టైమ్, ఒకే చోటు. మంచం మీద మాత్రం కాదు. మిగతా టైమ్‌లో ఆలోచన వస్తే దాన్ని తరమొద్దు. ఒక్క లైన్ రాసి ‘ఆరున్నరకి మాట్లాడదాం’ అని పక్కన పెట్టాలి. ఆరున్నరకి ఆ కాగితం తీసి నిజంగానే కూర్చోవాలి. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. టెన్షన్‌కి అపాయింట్‌మెంటా అని. కానీ చేసి చూస్తే తెలుస్తుంది. పొద్దున కొండలా కనపడినవాటిలో కొన్ని సాయంత్రానికి చదవడానికే సిగ్గేస్తాయి. మిగిలినవి అసలైనవి.

ఆ అసలైనవాటిని మాటల్లో తిప్పకుండా చివరిదాకా చూడాలి. ‘రేటు రాకపోతే?’ దగ్గర ఆగిపోవద్దు. రాకపోతే ఎవరికి ఎంత కట్టాలి? ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు? ఏసీ బాండు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నారా? సగం అమ్మితే ఎంతవరకు తీరుతుంది? రేపు సాయంత్రంలోపు చేయగలిగిన పని ఒకటైనా ఉంటే, అది చేయాలి. లేకపోతే అది చూస్తూ ఉండాల్సిన రకం. రోజుకి ఒకసారి, యార్డు అయిపోయాక, రేటు చూస్తే చాలు. మొదటి నాలుగు రోజులూ ఊపిరాడదు, ముందే చెప్తున్నా. వారం దాటాక మా వాడికి తగ్గింది. పూర్తిగా కాదు. రాత్రి రెండింటికి లేవడం మాత్రం పోయింది.

అందరికీ ఇంతతో తగ్గదు. దాదాపు ఆరు నెలలుగా, ఎక్కువ రోజులు, రకరకాల విషయాల మీద ఆలోచన ఆగకుండా నడుస్తూ, దాంతోపాటు నిద్ర, ఏకాగ్రత, ఒళ్ళు, కోపం అన్నీ అదుపు తప్పితే దాన్ని డాక్టర్లు జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. అది స్వభావం కాదు, పిరికితనం కాదు. మాటలతో చేసే చికిత్స ఉంది, మాత్రలు ఉన్నాయి, రెండూ పనిచేస్తాయి. మనోవ్యాధికి మందు లేదన్న సామెత పుట్టిన కాలానికి నిజమేమో, ఇప్పుడు కాదు. ఇక మా వైపు ‘మందు’ అనే మాటకున్న ఇంకో అర్థం, సాయంత్రం పూట సీసాలో వచ్చేది, అది ఈ జబ్బుకి బాగా ఇష్టమైన ఎరువు. తాగిన పూట మత్తు, తెల్లారాక రెట్టింపు గుబులు.

ఆరు నెలలు ఆగకూడని సందర్భం ఒకటుంది. ఇంట్లో ఎవరైనా ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ లాంటి మాట అన్నా, ఉన్నట్టుండి మాటలు తగ్గించేసినా, అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడినా, అది మామూలు దిగులు అనుకోకండి. ఒంటరిగా వదలొద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. మీకే అలా అనిపిస్తున్నా ఇదే వర్తిస్తుంది. 14416, టెలి మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిచ్చోళ్ళ కోసం పెట్టిన నంబర్ కాదు. నిద్ర పట్టట్లేదని కూడా చేయొచ్చు.

ఇంకొక్కటి. ఊళ్ళో మిర్చో పత్తో ఉండి మీరు బయట చదువుకుంటున్నవాళ్ళయితే, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘రేటెంత?’ అని అడగకండి. అది ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. ‘మనం మొత్తం ఎంత ఇవ్వాలి నాన్నా, ఎవరెవరికి?’ అని అడగండి. మొదటిసారి ‘నీకెందుకురా, నువ్వు చదువుకో’ అంటాడు. రెండోసారి అమ్మకి ఫోన్ ఇచ్చేస్తాడు. పండక్కి వెళ్ళినప్పుడు కల్లం దగ్గర పక్కన కూర్చుని ఇంకోసారి అడిగి చూడండి. పెన్నూ కాగితం మీ జేబులో పెట్టుకుని వెళ్ళండి.